ఇరవై నాలుగు అంకణాలు

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మ చేతిసంచీ పట్టుకుని గేటు దగ్గర నిలబడి "టౌన్‌లోకి పోయొస్తా, తలుపేసుకోండి" అంది. మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి "నానమ్మా, మనం టౌన్‌లోనే ఉన్నాం" అని నవ్వింది. నిజమే. మా గుమ్మంలో నిలబడితే ఇటు మందుల షాపు, అటు స్కానింగ్ సెంటరు, ఎదురుగా నాలుగంతస్తుల లేడీస్ హాస్టలు, సందు చివర బిర్యానీ సెంటరు, దాని పక్కనే ఇంకో బిర్యానీ సెంటరు. అయినా మా అమ్మ మాత్రం దాదాపు నలభై ఏళ్ళుగా ఇక్కణ్ణుంచి టౌన్‌లోకి పోయి వస్తూనే ఉంది. "ఏందో పోమ్మా, నీకేం తెలుసు" అని ఆటో ఎక్కేసింది. ఆ మాట పొద్దంతా బుర్రలో తిరుగుతుంటే, సరే, గుర్తున్నంత వరకూ రాసి పెడదామని కూర్చున్నా.

మాది నెల్లూరు. వేదాయపాళెం దాటి బుజబుజ నెల్లూరు వైపు పోతుంటే వస్తుంది మా కాలనీ. బుజబుజ నెల్లూరు అని ఒక ఊరు నిజంగానే ఉంది, హైదరాబాదు స్నేహితులకి చెబితే వేళాకోళం చేస్తున్నాననుకుంటారు. అంతకుముందు మేం మూలాపేటలో గుడి దగ్గర ఒక పోర్షన్లో అద్దెకుండేవాళ్ళం. రెండు గదులు, వరండా, ఐదు కుటుంబాలకి ఒకటే కొళాయి. టౌన్ అంటే అదే మాకు. మూలాపేట, సంతపేట, చిన్నబజారు, పెద్దబజారు, ట్రంకు రోడ్డు, గాంధీ బొమ్మ, వీఆర్సీ సెంటర్. మా నాయన స్టోన్‌హౌస్‌పేటలో ఒక రైసు మిల్లులో గుమస్తా. పొద్దున పోతే రాత్రి ఒళ్ళంతా తవుడు వాసనతో వచ్చేవాడు.

1983లో ఆ మిల్లుకి వడ్లు తోలే ఒకాయన తన కయ్యల్లో, అంటే వరిమళ్ళలో, ఒక ముక్క ప్లాట్లు వేస్తున్నాననీ, తెలిసినవాళ్ళకి వాయిదాల మీద ఇస్తాననీ అన్నాడట. మా నాయన ఇరవై నాలుగు అంకణాలు తీసుకున్నాడు. బయటివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. మిగతా చోట్ల గజాలు, సెంట్లు అంటారు, నెల్లూరులో ఇంటి స్థలమంటే అంకణాలే. మా అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. ఎకరాకి 605 అంకణాలు వస్తాయి. తిరుపతి వైపు అంకణమంటే ఇందులో సగమే. ఈ తేడా తెలియక కట్నంలో ఇచ్చే స్థలం దగ్గర మాటా మాటా అనుకున్న వియ్యంకుల్ని నేనే చూశా. అప్పట్లో మా నాయన అంకణానికి మూడొందల చిల్లర ఇచ్చాడు. ఎరుపు అట్ట చిన్న నోటుపుస్తకంలో ఒక్కో వాయిదా రాసుకున్నాడు, కొన్ని నెలల్లో "400", కొన్ని నెలల్లో "150", ఒక నెల ఎదురుగా ఏ అంకె లేకుండా "తమ్ముడి జ్వరం" అని మాత్రమే ఉంటుంది. ఆ పుస్తకం ఇంకా మా బీరువాలో ఉంది.

చుట్టాలందరూ నవ్వారు. మా పెదనాయన అయితే "నక్కలు కూడా టార్చిలైటు పట్టుకుని తిరగాల్సిన చోట కొన్నావు కదరా" అన్నాడు. మా అమ్మ నవ్వలేదు, ఏడ్చింది. ఆ మరుసటి ఏడు, 1984 నవంబర్లో, శ్రీహరికోట వైపు తుఫాను వచ్చింది చూడండి, మా జిల్లాని చితక్కొట్టింది. గాలి తగ్గిన మూడో రోజు నాయన నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని స్థలం చూడ్డానికి తీసుకెళ్ళాడు. అక్కడ స్థలం లేదు. కనుచూపు మేర నీళ్ళే. లుంగీ ఎగ్గట్టి మోకాలి లోతులో దిగి, కాళ్ళతో తడుముకుంటూ హద్దు రాళ్ళ కోసం వెతికాడు. మూడు దొరికాయి. నాలుగోది దొరకలేదు. నీళ్ళు తీశాక అందాజుగా ఇంకో రాయి పాతారు. దాని గురించి పక్క స్థలం వాళ్ళకీ మాకూ అర అడుగు పేచీ మొదలై, రెండు తరాలు గడిచినా తేలలేదు. ఇప్పుడు వాళ్ళ మనవడూ మా అమ్మాయీ ఫేస్‌బుక్కులో ఫ్రెండ్సు, అర అడుగు మాత్రం అట్టానే ఉంది.

1986లో ఇల్లు మొదలుపెట్టాం. ఇల్లంటే ఒక పడగ్గది, ఒక వంటగది, ముందు రేకుల వసారా. అప్పటికి మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, ఇందుకూరుపేట పక్క పల్లె నుంచి మా దగ్గరికి వచ్చేసింది. ఆమె స్థలం చూడగానే అడిగిన మొదటి మాట "ఇది ఎవురి కయ్య?" అని. వంగి గుప్పెడు మన్ను తీసుకుని వేళ్ళ మధ్య నలిపి చూసింది. నల్లమన్ను, చేతికి అంటుకుంటే ఒక పట్టాన వదల్లేదు. "మొలగొలుకులు పండే కయ్యరా ఇది. దీంట్లో ఇల్లు కట్టడానికి చేతులెట్టొచ్చినై నీకు?" అంది. మొలగొలుకులు గురించి ఇప్పటి పిల్లలకి తెలియదు. నెల్లూరుకి పేరు తెచ్చిన సన్న బియ్యం అవి. ఆరు నెలల పంట. పొట్టి రకాలు, తొందరగా కోతకొచ్చేవి వచ్చాక వాటిని వేసేవాళ్ళు తగ్గిపోయారు. మా అవ్వ లెక్కంతా పుట్లలోనే. పుట్టి అంటే మాకు 850 కిలోలు, అందులో ఇరవయ్యో వంతు తూము. ఆమె మా ఇరవై నాలుగు అంకణాల్ని చూసి "ఏడాదికి రెండు తూముల వడ్లు పోగొట్టుకుంటున్నాం" అన్నట్టు మాట్లాడేది, మా నాయన "అమ్మా, మనం కొన్నప్పటికే ప్లాట్లు, మనం కొనకపోతే ఇంకోడు కొంటాడు" అనేవాడు. ఇద్దరి మాటా ఒప్పే అనిపించేది నాకు, ఇప్పటికీ అంతే.

అవ్వ మేస్త్రితో కూడా గొడవ పెట్టుకుంది. పునాది రెండడుగులు లేపితే చాలన్నాడు ఆయన. ఖర్చు చూసి నాయన కూడా తలూపాడు. అవ్వ మా పెరటి గోడ అనుకున్న చోటికి పోయి చేత్తో చూపిస్తూ "ఈ తట్టు బోదె ఉండాది. కార్తీకంలో పొర్లుద్ది. ఇంకో మూడు వరసలు లేపు" అంది. బోదె అంటే కయ్యలకి నీళ్ళు పారే పిల్లకాలువ. మేం చూసినప్పుడు అందులో జానెడు నీళ్ళు, చిన్నచిన్న చేపపిల్లలు, అంతే. ఆ మూడు వరసల ఇటుకలకి మా అమ్మ చెవికమ్మలు తాకట్టుకి వెళ్ళాయి. ఆ కోపం అత్తాకోడళ్ళ మధ్య చాలా ఏళ్ళు నడిచింది.

గృహప్రవేశం అయ్యాక మొదటి ఏడాది ఎట్టా గడిచిందో చెప్పాలంటే రాత్రిళ్ళ గురించి చెప్పాలి. వీధి దీపాలు లేవు. ఇంట్లో కరెంటు ఉంది గానీ వోల్టేజి లేక బల్బు ఎర్రగా, పండిన చింతపిక్కలాగ వెలిగేది. చుట్టూ కప్పలు. వానాకాలం రాత్రి కప్పలు అరవడం మొదలుపెడితే రేడియో వినపడదు, ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారే ఆగిపోతే మా అమ్మకి భయం, ఎందుకంటే పాము వచ్చిందని లెక్క. కట్లపాములు వసారాలో చెప్పుల మధ్య కనపడేవి. చెప్పులు దులిపి వేసుకునే అలవాటు నాకు ఇప్పటికీ ఉంది, ఆఫీసులో కూడా అసంకల్పితంగా దులుపుతుంటే కుర్రాళ్ళు నవ్వుతారు. నర్తకిలోనో లీలామహల్లోనో సెకండ్ షో చూసి సైకిళ్ళ మీద వస్తుంటే వేదాయపాళెం దగ్గర దీపాలు అయిపోయేవి, అక్కణ్ణుంచి పెద్దగా పాటలు పాడుకుంటూ తొక్కడమే. రిక్షావాళ్ళు రైలు గేటు దాకానే వచ్చేవాళ్ళు. "గేటవతలికి రాను సార్, తిరిగొచ్చేటప్పుడు బేరం ఉండదు" అనేవాళ్ళు. పెట్టే బేడా దింపుకుని మిగతా దూరం నడక. మా ఇంటికి చుట్టాలు రావడం మానేశారు, అందులో కొంత సుఖం కూడా ఉందని మా అమ్మ తరవాత ఎప్పుడో ఒప్పుకుంది.

పగళ్ళు మాత్రం మాకు, అంటే పిల్లలకి, పండగే. బోదెలో ఎండ్రకాయలు. తడి గట్టులో బొరియ కనపడితే పుల్ల పెట్టి కదిలించడం, అది కొండీతో పుల్లని పట్టుకోగానే మెల్లగా లాగడం. నాలుగు పడితే అవ్వ పులుసు పెట్టేది. కోతలయ్యాక ఎండిన కయ్యలో క్రికెట్టు, ఫీల్డర్ల కాళ్ళలో వరి మోళ్ళు గుచ్చుకునేవి. అవ్వకి గడియారం అక్కర్లేదు, రైళ్ళే టైము. "మెయిలు పోయింది, పొయ్యి రాజెయ్యి" అనేది.

ఆ మొదటి వానాకాలమే ఒక సంగతి జరిగింది. ఇంటి ముందు మెరక చెయ్యడానికి పక్క కయ్యలోని మన్నే తోలించారు కదా, నాలుగు వానలు పడ్డాక మెట్ల పక్కన పచ్చగా మొలకలు లేచాయి. కసువనుకుని మా అమ్మ పీకబోయింది. అవ్వ పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. వరి. కోతల్లో రాలిన గింజలు మన్నుతో పాటు వచ్చి మా ఇంటి ముందు మొలిచాయి. ఇక ఆ చాప అంత జాగాలో ఎవర్నీ కాలు పెట్టనివ్వలేదు. పొద్దున గిన్నెలు కడిగిన నీళ్ళు అటే పోసేది, కోడి వస్తే తరిమేది, సాయంత్రం గట్టు మీద కూర్చున్నట్టు మెట్టు మీద కూర్చుని చూసేది. పోస్టుమాన్ పక్కనుంచి తిరిగి రావాల్సి వచ్చేది పాపం. సంక్రాంతి ముందు కొడవలి కూడా అక్కర్లేకుండా చేత్తో దూసింది. చేటలో సగం. రోట్లో దంచి, చెరిగి, పండగనాడు ఆ బియ్యంతో పొంగలి పెట్టింది. మా అందరికీ తలా రెండు ముద్దలు వచ్చాయి. రుచి గుర్తులేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. అవ్వ తినకుండా మేం తినడం చూస్తూ కూర్చోవడం గుర్తుంది.

కాలనీ ఎట్టా నిండిందో చూస్తే ఇప్పుడు తమాషాగా ఉంటుంది. మొదటి పది ఇళ్ళలో టౌన్ నుంచి వచ్చినవాళ్ళం మేమొక్కళ్ళమే. మిగతా అందరూ పల్లెల నుంచి, పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్ళు. ఆర్టీసీ కండక్టరు ఒకాయన ఉదయగిరి వైపు, గవర్నమెంటు నర్సు ఒకామె ఆత్మకూరు, టెలిఫోన్ లైన్‌మన్ పొదలకూరు, పంతులుగారు కావలి పక్క. ఎవరికి వాళ్ళు తమ ఊరిని పెరట్లో పెట్టుకున్నారు. ఉదయగిరాయన రెండు మేకల్ని కట్టేసేవాడు, వాళ్ళింట్లో రాగి సంగటి. మైపాడు దగ్గర నుంచి వచ్చినవాళ్ళు మిద్దె మీద చేపలు ఎండేసేవాళ్ళు, గాలి మారితే పంతులుగారింట్లో గొడవ. మళ్ళీ అదే పంతులుగారి కొడుక్కి జ్వరమొస్తే అర్ధరాత్రి సైకిలు మీద కూర్చోబెట్టుకుని గేటు దాటించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది ఆ ఎండు చేపలాయనే. నీళ్ళ కోసం అందరూ ఒకే బోరింగు దగ్గర, ఆ నీళ్ళు కొంచెం ఉప్ప. మంచినీళ్ళు రెండు బిందెలు సైకిలుకి కట్టుకుని దూరం నుంచి తేవాలి. ఇది ఊరూ కాదు, టౌనూ కాదు. పేరు కూడా చాలా ఏళ్ళు లేదు. ఉత్తరాల మీద "గేటు అవతల, చింతచెట్టు దాటాక" అని రాసేవాళ్ళం. ఇప్పుడు ఆ గేటూ లేదు, చింతచెట్టూ లేదు, అయినా పాత ఆటోవాళ్ళు "చింతచెట్టు స్టాపా?" అనే అడుగుతారు.

ఎండాకాలం సెలవులకి మద్రాసు పోయేవాళ్ళం, మా మేనమామ అంబత్తూరులో ఉండేవాడు. నెల్లూరోళ్ళకి హైదరాబాదు కంటే మద్రాసే దగ్గర, అప్పుడూ ఇప్పుడూ. ఆయన అక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను మద్రాసంటే మౌంటు రోడ్డు, మెరీనా అనుకుని పోతే, సెంట్రల్లో దిగి లోకల్ ట్రైను మారి, పెరంబూరు, విల్లివాక్కం, కొరట్టూరు దాటి, ఎక్కడో చెరువు పక్కన దిగాం. అక్కడ కూడా కప్పలు. అక్కడ కూడా ఉప్పునీళ్ళు, చేతిపంపు, బిందెల వరస. నాకు ఏడుపొచ్చింది. మా అత్త "సిటీకి పోయొస్తాం, రేపు నిన్నూ తీసుకెళ్తా" అనేది, అచ్చం మా అమ్మ టౌన్‌లోకి అన్నట్టే. మామ నవ్వి "నువ్వు చూసే ఈ ఇళ్ళన్నీ ఒకప్పుడు ఏరి కింద పొలాలేరా అబ్బయ్యా, ఫ్యాక్టరీలొచ్చినై, మేమొచ్చినాం" అన్నాడు. అరవంలో ఏరి అంటే చెరువు. అంబత్తూరుని 2011లో మద్రాసు కార్పొరేషన్లో కలిపేశారు. అప్పటికి మామ లేడు. అత్త ఉండి ఉంటే ఏమనేదో, ఆమె కూడా సిటీకి పోయొస్తాననే అనేదేమో.

మా వైపు అసలు ఊపు రొయ్యలతో వచ్చింది. 1990 తరవాత సముద్రం వైపు మండలాల్లో ఎక్కడ చూసినా రొయ్యల గుంతలు. టైగర్ రొయ్య. ఒక్క పంటకి లారీలు కొన్నవాళ్ళున్నారు. ఆ డబ్బు సగం నెల్లూరుకి వచ్చి స్థలాలైంది, మిద్దెలైంది. మాగుంట లేఅవుట్ లాంటి చోట్ల సంగతి చెప్పక్కర్లేదు, మా చెప్పులు దులుపుకునే కాలనీలో కూడా రెండంతస్తులకి పునాదులు పడ్డాయి. మా వీధి మొగదల ఒకాయన పాలరాయి మెట్లు, గుండ్రటి బాల్కనీ అని ప్లాను గీయించి గబగబా పైకి లేపాడు. తరవాత తెల్లమచ్చ రోగం వచ్చింది, 1994-95లో. గుంతల్లో రొయ్యలు తెల్లారేసరికి తేలిపోయేవట. ఆ ఇల్లు రెండో స్లాబు దగ్గర ఆగిపోయింది. పైకి పొడుచుకొచ్చిన ఇనప చువ్వలతో ఏడేళ్ళు అట్టానే నిలబడింది. మేం అందులోనే చదువుకున్నాం, పేకాడాం, మా ఫ్రెండొకడు మొదటి సిగరెట్టు తాగి గుండ్రటి బాల్కనీలో వాంతి చేసుకున్నాడు. ఆ ఇంటాయన అప్పుడప్పుడు స్కూటర్ మీద వచ్చి, కింద నిలబడి కాసేపు చూసి, మమ్మల్ని తిట్టకుండానే వెళ్ళిపోయేవాడు. తిట్టుంటే బాగుండేది.

ఆ తరవాత అంతా తొందర తొందరగా జరిగింది, నేనూ ఉద్యోగం కోసం బయటికి పోయాను, సరిగ్గా చూడలేదు. హైవే బైపాసు, చింతారెడ్డిపాళెం దగ్గర మెడికల్ కాలేజీ, ఎక్కడికక్కడ ఇంటర్ కాలేజీలు, వాటికి హాస్టళ్ళు. 2004లో నెల్లూరు మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది, మరి కొన్నేళ్ళకి చుట్టూ ఉన్న పంచాయతీల్ని కూడా కలిపేశారు. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలయ్యాక స్థలాల ధర అడగొద్దు. అవ్వ 2001లో పోయింది. ఆమె పోయిన నెలకి అనుకుంటా, ఇంటి వెనకున్న ఆఖరి కయ్య కూడా ప్లాట్లయింది.

బోదె ఎట్టా పోయిందన్నది మాత్రం నేను ప్రతి సెలవుకీ వచ్చి చూశా, కాబట్టి చెప్పగలను. ఎవరో ఒక రాత్రి వచ్చి కాలువ పూడ్చేశారని అనుకుంటాం గానీ అట్టా జరగదు. నెల్లూరు చుట్టూ ఉన్న సాగంతా పెన్న నీళ్ళే. 1855 నాటి ఆనకట్ట, దాన్నుంచి సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ, మన చెరువు, వాటి కింద లెక్కలేనన్ని పిల్లకాలువలు. కింద కయ్య పోతే కాలువకి పనిలేదు. పనిలేకపోతే ఏటా పూడిక తీసే రైతు లేడు. అప్పుడు అందులోకి ఇళ్ళ మురుగు వదులుతారు. వాసనొస్తుంది కాబట్టి ఎవరి గుమ్మం ముందు వాళ్ళు ఒక బండ పరుస్తారు. బండ మీద రెండు మెట్లు. మెట్ల పక్కన స్కూటరు ఎక్కడానికి ర్యాంపు. ర్యాంపు మీద రేకు. రేకు కింద ఇస్త్రీ బండి. పదేళ్ళకి అక్కడ ఒక కాలువ ఉందని చెబితే నమ్మేవాడుండడు. మా బోదె మీద పరిచిన బండల్లో ఒకటి మాదే, మా నాయన వేయించిందే. టౌన్లో పెద్ద కాలువల కథ కూడా ఇంతే, ఉయ్యాల కాలువని ఇప్పుడు చూసినవాళ్ళకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఊహకి కూడా అందదు.

2015 నవంబరు. కార్తీకమాసం మొదలైన రోజులు. వాన మొదలై ఆగలేదు. మద్రాసు మునగడం టీవీలో అందరూ చూశారు, నెల్లూరు మునగడం మేం చూశాం. నేను అప్పటికి ట్రాన్స్‌ఫర్ మీద ఇంటికొచ్చేసి ఉన్నా. రాత్రి రెండింటప్పుడు పెరటి వైపు చప్పుడైతే టార్చి వేశా. నీళ్ళు వీధిలోంచి రాలేదు. పెరటి గోడ వారగా, ఒకప్పటి బోదె వరసనే, ఇస్త్రీ బండి పక్కనుంచి, హాస్టలు జనరేటర్ గది మీదుగా, తిన్నగా గీత గీసినట్టు పారుతున్నాయి. తెల్లారేసరికి కొత్తగా కట్టిన అపార్టుమెంట్ల సెల్లార్లలో బైకులు తేలుతున్నాయి. పాలరాయి మెట్ల ఇంటిని ఇంకెవరో కొని పూర్తి చేశారు కదా, వాళ్ళ హాల్లో సోఫా సగానికి తడిసింది. మా ఇంట్లో మూడో మెట్టు దాకా వచ్చి ఆగాయి. నాయన కుర్చీ వేసుకుని వసారాలో కూర్చుని ఆ మూడో మెట్టునే చూస్తున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపయ్యాక మా అమ్మ కాఫీ తెచ్చి ఇస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు, "మూడు వరసలు" అంది. అత్తగారి మీద ముప్పై ఏళ్ళ కోపం అక్కడ తెగింది. మధ్యాహ్నం మేడ మీద పంతులుగారి కొడుకు నుంచి హాస్టలు పిల్లల దాకా యాభై మందికి వంట చేసింది మా అమ్మ. హాస్టలు పిల్లల్లో చాలామందికి మా పేర్లు కూడా తెలియవు, ఎదురుగా రెండేళ్ళుగా ఉంటున్నా.

నాయన 2019లో పోయాడు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. చెన్నైలో ఐటీ ఉద్యోగం, ఇంటి నుంచి పని ఎక్కువ కాబట్టి సగం రోజులు ఇక్కడే. "నాన్నా, నెల్లూరులోనే స్థలం కొనిపెట్టుకుంటా" అంటే పోయిన నెల బైపాసు అవతల ఒక కొత్త లేఅవుట్ చూడ్డానికి వెళ్ళాం. ఆర్చి, రంగు రంగుల జెండాలు, నల్లటి తారు రోడ్లు, రోడ్ల పక్కన వెదురు కర్రలకి కట్టిన చిన్న చిన్న మొక్కలు. ఒక్క ఇల్లు లేదు. టై కట్టుకున్న కుర్రాడు గొడుగు పట్టుకుని మరీ తిప్పాడు. "ఇంకో ఐదేళ్ళలో ఇదే సెంటర్ సార్" అన్నాడు. మా పెదనాయన నక్కల మాట గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఆ కుర్రాడు నేను ఒప్పుకున్నాననుకున్నాడు. ధర చెప్పాడు. అంకణానికే, లక్షల్లో. మా నాయన ఎర్ర పుస్తకంలో అన్ని వాయిదాలూ కూడినా అందులో ఒక మూల కూడా రాదు.

నేను చివరి వరస దాకా నడిచి వెళ్ళా. ప్లాట్ల అంచున గట్టు, గట్టవతల ఇంకా కయ్యలు, కొంగలు. గట్టు మీద ఒక ముసలాయన గేదెని మేపుతున్నాడు.

"ఇందులో ఏం పండించేవాళ్ళు పెద్దాయనా?"

"మొన్న ఎడగారు పంట దాకా పదిపది వడ్లు ఏసినాం" అన్నాడు. నా కాళ్ళ కిందకే చూపిస్తూ.

"నీళ్ళెటు పోతాయి, వానొస్తే?"

ఆయన గేదె పలుపు ఇంకో చేతికి మార్చుకుని, మా అమ్మాయి నిలబడి ఉన్న మూల ప్లాటు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "ఆడ నీళ్ళు పొయ్యే తూముండాది. ఉండె."

అమ్మాయి దూరం నుంచి కేకేసింది. "నాన్నా, కార్నర్ బిట్ అంట, తూర్పు ఫేసింగ్!"

"ఎన్ని అంకణాలు?" అని అరిచా.

వేళ్ళతో చూపించింది. రెండు, తరవాత నాలుగు. నేను అక్కడే వంగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు గుప్పెడు మన్ను తీసి నలిపి చూశా. పైన గ్రావెల్ వేశారు, చేతికి ఎర్ర దుమ్ము తప్ప ఏమీ అంటలేదు.